గడప ముందర ఏడో నిమ్మకాయ

గోమతి అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. తన భర్తను బండితో గుద్ది ఆగకుండా పోయినవాడు, తన బిడ్డ కోసం మళ్ళీ వస్తాడని.

వేలూరు బాగాయంలో, టైలరు షాపు మీది గదిలో, కుర్చీ అంచున కూర్చుని ఆమె మొదట చెప్పిన మాట అదే. పేరు కూడా ఇంకా చెప్పలేదు. ఒడిలో ఐదేళ్ళ కూతురు వైష్ణవి ఉంది. కింద రోడ్డు మీద ఏ బండి హారను మోగినా ఆ బిడ్డ రెండు చేతులతో చెవులు మూసుకుంటోంది. హారను ఆగాక కూడా కాసేపు తీయడం లేదు.

బల్లకు అవతల కూర్చున్న జయకు యాభై దాటాయి. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున ప్రమాదాల కేసులు విచారించి, తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. తలుపు దగ్గర నిలబడిన తంగరాజ్ ఆమె సహాయకుడు. ముప్పై ఏళ్ళు వేలూరు, గుడియాత్తం మధ్య సర్కారు బస్సు నడిపి రిటైరయ్యాడు. జయలాంటి బుర్ర ఈ జిల్లాలోనే లేదని ఆయన నమ్మకం. కింద టైలరుకు ఆ మాట రోజుకొకసారి చెప్పందే ఆయనకు టీ దిగదు.

జయ నీళ్ళు ఇచ్చి, మొదటినుంచి చెప్పమంది.

గోమతిది గుడియాత్తం. భర్త చిన్నరాజు తాపీపని చేసేవాడు. ఆయుధపూజ అక్టోబరు ఒకటిన అయింది. పద్నాలుగో తేదీ మంగళవారం, బిడ్డకు స్కూలు బూట్లు కొనడానికి మోపెడ్ మీద కాట్పాడి వెళ్ళాడు. తిరిగి వస్తుంటే వాన. సాయంత్రం ఆరు గంటలకు, కె.వి. కుప్పం దాటాక, వెనకనుంచి ఒక బండి గుద్దింది. బిడ్డ పక్కనున్న తడి గడ్డిలో పడింది, గీత కూడా పడలేదు. చిన్నరాజు రోడ్డు మీద పడ్డాడు. నలభై నిమిషాలు అలాగే ఉన్నాడు. పూలు అమ్ముకుని ఇంటికి పోతున్న ఒకామె చూసి నలుగురిని పిలిచేదాకా, వైష్ణవి వానలో తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి చేరేలోపల ఆయన పోయాడు. ఆ రోజు జరిగినదాని గురించి బిడ్డ ఇంతవరకు ఒక్క మాట చెప్పలేదు.

పోలీసులకు రోడ్డు మీద పగిలిన దీపం అద్దం దొరికింది. ఇక్కడివాళ్ళు కుట్టియానై అని పిలిచే చిన్న లోడు బండి అద్దం అది. అంతకుమించి ఏమీ తేలలేదు. గుర్తు తెలియని వాహనం అని రాసుకున్నారు.

గోమతి తన వాళ్ళ గురించి కూడా చెప్పింది. ఫోను చేస్తే అన్న సెల్వం బస్సు దిగి, తడిసి ముద్దయి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. శవాన్ని ఇంటికి తేవడం దగ్గరనుంచి అన్నీ తనే చూసుకున్నాడు. ఇప్పుడు ఇంటికి బియ్యం వస్తున్నాయంటే అన్న వల్లే. చిన్నరాజుకు పని ఇచ్చే మేస్త్రి చిన్నమణి కూడా మంచివాడే. గుద్దిన బండి దొరక్కపోతే చనిపోయినవాడి ఇంటివాళ్ళకు గవర్నమెంటు రెండు లక్షలు ఇస్తుందని చెప్పి, కాగితాలు రాయించింది ఆయనే. వచ్చే సోమవారం తాలూకా ఆఫీసులో అధికారి ముందు, ఆ బండి ఏదో, నడిపింది ఎవరో తనకు తెలియదని చెప్పి సంతకం పెట్టాలి.

"సంతకం పెట్టేదానికి నాకు అడ్డం లేదక్కా" అంది గోమతి. "వాడెవరో నాకు తెలీదు, నిజమే. కానీ నేనెవరో వాడికి తెలుసు. నా ఇల్లు తెలుసు."

సంచిలోనుంచి మూతపెట్టిన డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఒక నిమ్మకాయ ఉంది. భర్త పోయిన మరుసటి మంగళవారంనుంచి, ప్రతి మంగళవారం తెల్లవారేసరికి గడప ముందర ఒకటి ఉంటోంది. ఆరింటిని చీపురుతో నెట్టి కాలవలో పారేసింది. నిన్నటిది ఏడోది.

"మేకు గుచ్చినారు చూడండి. ఇది చేతబడి కాదా?"

జయ కాయను కిటికీ వెలుగులో తిప్పి చూసింది. దుమ్ము, పొగ నలుపు ఒక వైపే పట్టి ఉన్నాయి. రంధ్రం ఈ చివరనుంచి ఆ చివరకు ఉంది. లోపల నల్లదారం పీచు, దానికి అంటుకుని ఎండిన పచ్చిమిరప తొడిమ. కాయను తంగరాజ్ చేతికిచ్చి ఇదేమిటని అడిగింది. ఆయన ఆలోచించనే లేదు.

"మేకు కాదు మేడం, దబ్బనం. బండి ముందర కట్టే నిమ్మకాయ మిరపకాయ దండలోది ఇది. ముప్పై ఏళ్ళు నా బస్సుకు నేనే కట్టినాను."

జయ గోమతి వైపు తిరిగి, ఇది చేతబడి కాదని చెప్పింది. అది విని గోమతి మొహం తేరుకుంటుందని తంగరాజ్ అనుకున్నాడు. తేరుకోలేదు. బండిది అన్న మాట వినగానే ఆమె బిడ్డను మరింత దగ్గరికి లాక్కుంది.

మర్నాడు గురువారం ఇద్దరూ గుడియాత్తం వెళ్ళారు. మగ్గాల చప్పుడు వినిపించే ఇరుకు వీధిలో, రేకుల ఇల్లు. గడప వీధికి రెండడుగుల దూరంలో ఉంది. వైష్ణవి గడప లోపలే కూర్చుని గచ్చు మీద చింతగింజలు పేరుస్తోంది. గడప దాటి బయటికి రావడం మానేసిందని తల్లి చెప్పింది.

జయ ఆ బిడ్డ పక్కన కూర్చుని తనూ గింజలు పేర్చింది. ప్రమాదం మాట ఎత్తలేదు. చాలాసేపటికి నిమ్మకాయ ఎవరు పెట్టిపోతారని, ఆటలో మాటలాగా అడిగింది.

"నాయన" అంది వైష్ణవి.

గోమతి వచ్చి బిడ్డ ముందర కూర్చుని అడిగింది.

"నాయనని చూసినావా?"

"చూసినా. కిటికీలోనుంచి. నిమ్మకాయ పెట్టి, దండం పెట్టి పోయినాడు."

"మొహం చూసినావా తల్లీ?"

"లేదు. వీపు చూసినా. పచ్చ గళ్ళ చొక్కా, నాయనదే. నేను పిలిస్తే పరిగెత్తినాడు." బిడ్డ ఇంకో గింజ పెట్టింది. "నాయనకు నా మీద కోపం. నేను నాయన చెయ్యి వదిలేసినాను కదా."

తంగరాజ్ గబగబా వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. జయ లోపల ఇంకాసేపు ఉండి, గోమతిని ఒకటే అడిగింది, ఆ చొక్కా ఇప్పుడు ఎక్కడుందని. గోమతి చెప్పింది. ఏడాదికింద ఆయుధపూజకు మేస్త్రి తన కింద పనివాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో రకం గుడ్డ ఇచ్చాడు. చిన్నరాజు తనకు వచ్చిన పచ్చ గళ్ళ గుడ్డతో మూడు చొక్కాలు కుట్టించుకున్నాడు. పదకొండో రోజు అయ్యాక, ఆయన వస్తువులు ఇంట్లో కనబడుతుంటే తట్టుకోలేక, ఆ మూడూ ముగ్గురికి ఇచ్చేసింది. ఒకటి మేస్త్రి చిన్నమణికి. ఒకటి చిన్నరాజు స్నేహితుడు, ఇటుకలు అమ్మే ముకేష్‌కు. ఒకటి అన్న సెల్వానికి.

"ముగ్గురికీ లోడు బండి ఉందా?" అంది జయ.

ఉందని గోమతి తల ఊపింది. అప్పుడే ఆ మాటకు అర్థం తెలిసినట్టు లేచి తలుపు దగ్గరికి వేసింది. నిన్నటిదాకా ఆమె భయానికి మొహం లేదు. ఇప్పుడు మూడు మొహాలు వచ్చాయి. మూడూ తన ఇంట్లో కూర్చుని టీ తాగినవే.

ముందుగా కట్టడం దగ్గర చిన్నమణిని కలిశారు. గట్టి మనిషి, నోరు పెద్దది. సోమవారం సంతకం అయిపోతే ఆ పిల్లకు ఒక దారి దొరుకుతుంది, మధ్యలో మీరెందుకు వచ్చి చెడగొడతారని గదమాయించాడు. లోడు బండి యాడుందని తంగరాజ్ అడిగేసరికి గొంతు మారింది.

"అమ్మేసినా."

"ఎవరికి?"

"నీకెందుకయ్యా? బస్సు నడిపినోడివి, ఇప్పుడు బండ్లకు జాతకం చూస్తాండావా?"

"జాతకం చూడాల్సింది బండికి కాదు మేస్త్రీ, ఓనరుకు" అన్నాడు తంగరాజ్.

ముకేష్ తన ఇటుకల షాపులోనే ఉన్నాడు. బండిని దాచలేదు, మాటనూ దాచలేదు. ప్రమాదం రోజు సాయంత్రం పేర్ణంబట్టులో ఇటుకలు దించుతున్నానన్నాడు. చొక్కా గురించి అడిగితే కళ్ళు దించుకుని, తనకు పట్టలేదని, తమ్ముడికి ఇచ్చానని, వాడు తిరుప్పూరులో పనిలో ఉన్నాడని చెప్పాడు. ఆయన బండి ముందరా, తలుపులకూ, వెనక చెక్కకూ ఆయుధపూజ నాడు పెట్టిన గంధం, కుంకుమ బొట్లు ఉన్నాయి. వానలకు వెలిసిపోయినా మరకలు పోలేదు. ఈ ఊళ్ళో బండ్ల వాళ్ళు ఆ బొట్లు తుడవరు. వాటంతట అవే పోవాలి.

సెల్వం లోడు బండ్ల స్టాండులో దొరికాడు. ముప్పై ఏళ్ళవాడు, చిక్కిపోయి ఉన్నాడు. వీళ్ళు చెల్లెలి తరఫున వచ్చారని తెలియగానే పరిగెత్తి టీ తెచ్చాడు. అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. చెల్లెలిని చూసుకోవాల్సింది తనేనని, సోమవారం పని ఆగకుండా చూడండని జయకు చేతులు జోడించాడు. జయ టీ తాగుతూ అతని బండి చుట్టూ ఒకసారి తిరిగింది. శుభ్రంగా ఉంచుకున్న బండి. తలుపుల మీద, వెనక చెక్క మీద వెలిసిన బొట్లు. ముందు భాగం తళతళలాడుతోంది. ముందర నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడుతోంది. అలాంటి దండలు ఆ స్టాండులో ప్రతి బండికీ ఉన్నాయి.

"నిమ్మకాయతో పట్టేది లేదు మేడం" అని తంగరాజ్ తిరుగు బస్సులో నిట్టూర్చాడు. "ఊరంతా నిమ్మకాయలే."

జయ కిటికీలోనుంచి బయటికి చూస్తూ, ఈ రోజు చూసిన బొట్లన్నీ గుర్తుపెట్టుకోమని మాత్రం చెప్పింది.

శుక్రవారం తంగరాజ్ రెండు పనులు చేసుకొచ్చాడు. మొదటిది చిన్నమణి బండి. అది అమ్ముడుపోలేదు. ఆర్కాడులో ఒక మెకానిక్ షెడ్డు వెనక ఉంది. చక్రాల్లో గాలి లేదు, చుట్టూ మోకాలెత్తు గడ్డి. ఒంటి మీద ఎక్కడా ఒక్క బొట్టు లేదు. ఫోనులో నంబరు కొట్టి చూస్తే ఇన్సూరెన్సు పోయిన ఏడాదే అయిపోయింది. తంగరాజ్‌కు ఇక సందేహమే లేదు. అబద్ధం చెప్పాడు, దాచిపెట్టాడు, ఇన్సూరెన్సు లేదు, ఇంకేం కావాలి అన్నాడు. మిగతా రెండు బండ్ల సంగతి జయ అడిగితే, ముకేష్ బండికి వచ్చే మార్చిదాకా ఉందని, సెల్వం బండికి వచ్చే అక్టోబరు పదిహేనుదాకా ఉందని, ఆ రెండింటికీ వంక లేదని చెప్పాడు. జయ ఆ తేదీలు కాగితం మీద రాసుకుని, వాటి కింద ఒక గీత గీసింది.

రెండో పని పొన్నైలో. బండి కింద ప్రాణం పోతే ఇక్కడి డ్రైవర్లు ఎక్కడికి పోతారని జయ అడిగినప్పుడు, పొన్నైలో కురి చెప్పే, అంటే సోది చెప్పే మంగమ్మ దగ్గరికని చెప్పింది తంగరాజే. తన సర్వీసులో ఇద్దరిని ఆయనే తీసుకుపోయాడు. మంగమ్మ ముందర ఏమీ చెప్పనంది. వచ్చినవాళ్ళ పేర్లు తాను అడగనని, అడిగినా గుర్తుండవని అంది. కానీ నిమ్మకాయ మాట విన్నాక దాచలేదు. బండి మీద ఉన్న నెత్తురు దోషం పోవాలంటే, ఆ బండికి కట్టిన కాయను చనిపోయినవాడి గడప ముందర పెట్టి దండం పెట్టుకోవాలని, తొమ్మిది మంగళవారాలు పెట్టాలని తానే చెప్పానని ఒప్పుకుంది. ఐప్పసి నెల మొదట్లో, అంటే అక్టోబరు మూడో వారంలో, ఒకడు వచ్చాడు. అందరూ తమకేం కాకూడదని అడుగుతారు. వాడు అది అడగలేదు.

"బిడ్డకేం కాదు కదా అని అడిగినాడప్పా" అందట మంగమ్మ. "ఏ బిడ్డ అంటే చెప్పలా. ఏడ్చినాడు."

ఇది చెప్పి తంగరాజ్ జయ మొహం చూశాడు. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. అప్పటికే అది తుడిచి ఉంది.

ఆదివారం పొద్దున గోమతి ఇంట్లో అందరూ చేరారు. జయ రమ్మందని గోమతే ముగ్గురికీ ఫోను చేసింది. చిన్నమణి తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ముకేష్ గోడకు ఆనుకున్నాడు. సెల్వం భార్య మీనాతో వచ్చాడు. మీనా ఒడిలో ఐదు నెలల బిడ్డ. వైష్ణవి మామను చూడగానే పోయి ఒడిలో కూర్చుంది. ఆ ఇంట్లో ఆ బిడ్డ తనంతట తాను దగ్గరికి పోయేది అతని దగ్గరికే.

జయ నిమ్మకాయ డబ్బాను నేల మీద మధ్యలో పెట్టి మొదలుపెట్టింది. ఇది పెట్టినవాడు ఈ ఇంటిని భయపెట్టాలని పెట్టలేదు, ఈ ఇంటికి దండం పెట్టడానికి వచ్చాడు, అంది. పొన్నైలో మంగమ్మ చెప్పిన తొమ్మిది వారాల సంగతి చెప్పింది. మన డ్రైవర్లు తప్ప ఇంకెవరూ ఇలా చేయరు. ఈ నమ్మకం లేని బయటివాడయితే కాయను ఈ గుమ్మానికి తెచ్చేవాడు కాదు, తన బండి ఆనవాలును తానే మోసుకొచ్చి ఇచ్చేవాడు కాదు. పోలీసులకు దొరకనివాడు ఇక్కడ దొరికాడు.

తర్వాత పచ్చ గళ్ళ చొక్కా సంగతి చెప్పింది. మూడు చొక్కాలు, ముగ్గురు మనుషులు, మూడు లోడు బండ్లు.

"మేస్త్రీ, మీ బండికి ఇన్సూరెన్సు లేదు. అమ్మేశానని అబద్ధం చెప్పారు."

చిన్నమణి లేచి నిలబడ్డాడు. "ఇన్సూరెన్సు లేకపోతే నేను హంతకుడినా? పోలీసు పట్టుకుంటాడని ఆర్కాడులో పడేసినా."

"కూర్చోండి. మీ బండి ఆయుధపూజకు ముందే షెడ్డు చేరింది. అందుకే దానికి ఒక్క బొట్టు కూడా లేదు. ఆ చక్రాల చుట్టూ గడ్డి మోకాలిదాకా పెరిగింది. అది పద్నాలుగో తేదీ రోడ్డు మీదికి రాలేదు. మీరు చెప్పిన అబద్ధం ఫైను కోసం చెప్పిన అబద్ధం."

చిన్నమణి కూర్చున్నాడు. ముకేష్ బండికి ముందరా పక్కలా వెనకా బొట్లు ఉన్నాయని, ఆయుధపూజ తర్వాత దాని మీద ఎవరూ చెయ్యి వేయలేదని జయ చెప్పింది. దీపం పగిలేటట్టు గుద్దిన బండి ముందు భాగం బాగుచేయించకుండా నడవదు.

తర్వాత ఆమె సెల్వం వైపు తిరిగింది. వీధిలో మగ్గం ఆడుతోంది.

"సెల్వం, ఆయుధపూజ నాడు బండికి మొదటి బొట్టు ఎక్కడ పెడతారు?"

అతను ఒడిలోని వైష్ణవిని దగ్గరికి లాక్కున్నాడు. తంగరాజ్ చెప్పాడు, నెమ్మదిగా, తనలో తాను అనుకున్నట్టుగా. "ముందరే మేడం. ముందర పెట్టినాకే పక్కలు."

"నీ బండికి తలుపుల మీద ఉన్నాయి, వెనక చెక్క మీద ఉన్నాయి. ముందర లేదు. బొట్టు పెట్టిన తర్వాత ముందు భాగం మార్చారు. నీ ఇన్సూరెన్సు వచ్చే అక్టోబరు పదిహేనుదాకా. అంటే మొదలైంది ఈ అక్టోబరు పదహారున, చిన్నరాజు పోయిన రెండో రోజున. దానికి ముందు ఎప్పటినుంచి లేదో నీకే తెలుసు. ఎక్కడికి పోయినా సొంత బండిలో పోయేవాడివి, ఆ సాయంత్రం మాత్రం చెల్లెలి ఫోను వస్తే బస్సులో వచ్చావు."

గోమతి లేచింది. నాలుగడుగులు వేసి, వంగి, సెల్వం ఒడిలోనుంచి వైష్ణవిని తీసుకుంది. బిడ్డ మామ చొక్కా పట్టుకుంది. గోమతి ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది.

సెల్వం ఖాళీ అయిన ఒడిని చూస్తూ చెప్పాడు. వాన, మసక. మోపెడ్‌కు వెనక దీపం లేదు. చప్పుడు వినబడింది. అద్దంలో చూస్తే రోడ్డు మీద చిన్నది ఏదో లేచి నిలబడినట్టు కనబడింది. ఇన్సూరెన్సు వినాయక చవితికే అయిపోయింది. ఆగితే ఇల్లు పోతుంది, మీనాకు అప్పటికి కాన్పయి మూడు నెలలు. కాలు బ్రేకు మీదికి పోలేదు. పక్క దారి పట్టి కాట్పాడి వైపు మళ్ళించి, తెలిసిన షెడ్డులో బండి వదిలాడు. అప్పుడు ఫోను మోగింది.

"కె.వి. కుప్పం కాడ అని నువ్వు చెప్పినావు గోమతీ. బస్సులో కూచున్నాక తెలిసింది నాకు. అద్దంలో చూసింది మన వైష్ణవిని అని."

మీనా బిడ్డను గట్టిగా పట్టుకుని భర్త వైపు, తెలియని మనిషిని చూసినట్టు చూస్తోంది.

"చెప్పాలని వచ్చినాను, ఎన్నోసార్లు" అన్నాడు సెల్వం. "చెప్తే నీకేం వస్తాది? ఇన్సూరెన్సు లేని బండి. కోర్టు నన్ను కట్టమంటాది. నా కాడ ఏముండాది కట్టేదానికి? బండి దొరక్కపోతే గవర్నమెంటన్నా ఇస్తాది నీకు. అందుకే ఊరుకున్నా. సంతకం పెట్టెయ్ తల్లీ. ఆ తర్వాత నన్ను ఏమైనా చెయ్యి."

అందులో అబద్ధం లేదని గదిలో అందరికీ తెలుసు. జయకు మరీ తెలుసు, ఇరవై ఏళ్ళు ఆమె చూసింది అదే. బండి దొరకనివాళ్ళకు ఇంతని వస్తుంది. దొరికి, ఇన్సూరెన్సు లేనివాళ్ళకు ఒక కాగితం, ఏళ్ళ తరబడి కోర్టు. చిన్నమణి గొంతు సవరించుకుని, రెండు కుటుంబాలు మునిగేకన్నా ఈ మాట ఈ నాలుగు గోడలు దాటకపోతే నయం కదా అన్నాడు. ముకేష్ ఆయన వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

గోమతి అన్ననే చూస్తోంది.

"దిగినావా?"

"ఏం?"

"బండి దిగినావా? దిగి చూసినావా ఆయన్ని?"

"లేదమ్మా."

"దిగి ఉంటే మొహం తెలిసేది. ఎవరైనా సరే, తెలిసేది. డాక్టరు చెప్పినాడు, నలభై నిమిషాలు ముందర తెచ్చి ఉంటే బతికేవాడని. నా బిడ్డ ఆ నలభై నిమిషాలూ వానలో కూచునుండాది." ఆమె గొంతు పెద్దది కాలేదు. "చెయ్యి వదిలేసినానని అది అనుకుంటాండాది అన్నా. వదిలేసింది నువ్వు."

సెల్వం తల నేలకు ఆనింది. తనకు తెలిసింది తాను దాచలేనని, రిపోర్టు రాసి ఇవ్వాల్సిందేనని, కానీ రేపు ఆఫీసులో మాట్లాడాల్సింది గోమతేనని జయ చెప్పింది. ఆ సాయంత్రం సెల్వం తనే లేచి, తంగరాజ్ వెంట స్టేషనుకు నడిచాడు. వీధి మలుపులో సెల్వం ఆగి, చిన్నరాజు చొక్కా ఇంట్లో ఉంది, తెచ్చి ఇచ్చేయనా అని అడిగాడు. తంగరాజ్ అతని భుజం మీద చెయ్యి వేసి నడిపించాడు.

సోమవారం తాలూకా ఆఫీసులో అధికారి, మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాడు. బండి ఏదో తెలుసా అని. గోమతి తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆ రోజు తెల్లకాగితం తీసుకుని, బండి నంబరూ, దాని కింద అన్న పేరూ, తండ్రి పేరూ తమిళంలో కుదురుగా రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. అధికారి చదివి, ఇలా రాస్తే ఈ పథకం కింద వచ్చేది రాదమ్మా, తెలుసా అని అడిగాడు. తెలుసని చెప్పింది.

బయటికి వచ్చాక ఆమె మెట్ల మీద కూర్చుని, బిడ్డకు ఒక సంగతి చెప్పింది. నాయనకు నీ మీద కోపం లేదు, నిమ్మకాయ పెట్టింది నాయన కాదు, మామ. నువ్వు చెయ్యి వదల్లేదు, ఎవరో నలుగురు వచ్చి నాయనను ఎత్తుకున్నారు, అప్పుడు విడిపోయింది. వైష్ణవి చాలాసేపు ఆలోచించింది. "అయితే మామకు నా మీద కోపమా?" అని అడిగింది. గోమతి బిడ్డ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

కేసు ఇప్పుడు ట్రిబ్యునల్లో ఉంది. బండిని పోలీసులు పట్టుకెళ్ళారు. వేలం వేస్తే వచ్చేది ఎంతో, ఎప్పుడో ఎవరికీ తెలియదు. గోమతి అగ్గిపెట్టెల కంపెనీలో పనికి పోతోంది. చిన్నమణి ఎదురుపడితే పక్కకు తప్పుకుంటాడు. తంగరాజ్ ఆదివారాలు వైష్ణవికి బస్సు ఎక్కడం నేర్పుతున్నాడు, డ్రైవరు వెనక సీటులో కూర్చోబెట్టి. మొన్న హారను మోగితే ఒక్క చెవే మూసుకుందని జయకు చెప్పి, ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఒక్క విషయం మిగిలింది. గోమతి ఇంటికి మూడు వీధుల అవతల మీనా ఉంది. సెల్వం జైలుకు పోయాక ఆ ఇంటికి ఎవరూ పోవడం లేదు. చిన్నరాజును పోగొట్టుకున్నవాళ్ళు పోరు, సెల్వం వైపువాళ్ళకు సిగ్గు. గోమతి రెండుసార్లు ఆ వీధి మొదటిదాకా పోయి, కాళ్ళు ముందుకు పడక తిరిగొచ్చింది. ఇది చదివినవాళ్ళలో ఎవరైనా గుడియాత్తం వైపు పోతే, ఆ తలుపు ఒకసారి తట్టండి. పగలే, మూడు గంటల వేళ, బిడ్డ మేలుకుని ఉంటుంది. లోపలికి పోయి కూర్చోండి. ఆమె తిన్నదా అని చూడండి, పొయ్యి మీద గిన్నె ఉందా అని చూడండి. ఎవరు పంపారని అడిగితే గోమతి పేరు చెప్పొద్దు.